ఒక్క కూరగాయ దక్షిణ

మొన్న ఆషాఢ పూర్ణిమ నాడు, చాలా ఏళ్ళ తర్వాత, వరంగల్ భద్రకాళి గుడికి వెళ్ళాను. శాకంబరీ ఉత్సవాలకు ఆఖరి రోజు కావడంతో వరుస పొడుగ్గా సాగింది. చెరువు మీది నుంచి గాలి వస్తున్నా ఉక్కపోత తగ్గలేదు. మెల్లగా జరిగి జరిగి లోపలికి చేరేసరికి ముందుగా ముక్కుకు తగిలింది కర్పూరమూ కాదు, సాంబ్రాణీ కాదు, పచ్చి కూరగాయల వాసన. బీరకాయలు, వంకాయలు, కాకరకాయలు, నిమ్మకాయలు, తోటకూర కట్టలు దండలుగా, తోరణాలుగా గుచ్చి అలంకరించారు. జనం వేడికి ఆకుకూరలు కొద్దిగా వాడి, ఆ వాడిన పచ్చిదనంలో అగరుబత్తుల పొగ కలిసింది. సరిగ్గా ఆ వాసనే, నలభై ఏళ్ళకు పైబడిన నాటిది, నన్ను అదే ఊళ్ళో కరీమాబాదు వాడలోని ఒక పెంకుటింటి వంటగది గడప ముందు, చేతిలో ఒక దోసకాయతో నిలబెట్టింది.

ఆ ఇల్లు మా పంతులుగారిది. ఆయన పూజారి కాదు, పౌరోహిత్యం చేసినవారూ కాదు. సర్కారు బడిలో తెలుగు పండితుడిగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో ఆయన ఒక్కరే ఉండేవారు. వాడలోని పిల్లలకూ, షిఫ్టు దిగి వచ్చిన మిల్లు కార్మికులకూ స్తోత్రాలు నేర్పేవారు, కొందరికి జపం ఇచ్చేవారు. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. అయితే వ్యాసపూర్ణిమ నాడు మాత్రం ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక కూరగాయ తేవాలి. ఒక్కటే తేవాలి, రెండోది తెస్తే తిరిగి పంపేవారు. ఒక ఏడు ఒక హమాలీ కొడుకు గుమ్మడికాయను నెత్తిన పెట్టుకొని మోసుకొచ్చి, "ఒక్కటే కద, పంతులుగారూ" అని వాదించాడు. ఆయన చాలాసేపు నవ్వి, కత్తిపీట వాడి చేతికే ఇచ్చారు.

వచ్చిన కూరగాయలన్నీ కలిపి, మడి కట్టుకొని, పెద్ద ఇత్తడి గంజులో చింతపండు పులుసు పోసి ఆయనే దప్పళం వండేవారు. దేవికీ వ్యాసులవారి పటానికీ నివేదన అయిన తర్వాత అరుగు మీద విస్తళ్ళు పరిచేవారు. నివేదనకు ముందు రుచి చూడకూడదు గనుక ఉప్పు అంచనాగానే పడేది, ఆ అంచనా ఏనాడూ కుదరలేదు. నూరేళ్ళు వానలు లేక లోకం ఎండిపోయినప్పుడు తన ఒంటి నుంచి పుట్టించిన శాకాలతో ప్రాణులను నిలబెడతానని దేవి మాట ఇచ్చిందట. ఆ కథను ఆయన అన్నం కలుపుతూ చెప్పేవారు. మేము ఉప్పు లేని పులుసును ఊదుకొని తింటూ వినేవాళ్ళం.

* * *

మా నాన్న ఆజంజాహీ బట్టల మిల్లులో మగ్గాల విభాగంలో పని చేసేవాడు. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు మా వాడలో సగం ఇళ్ళకు అన్నం పెట్టేది. దాని సైరన్ మా ఊరికి గడియారం. తెల్లవారుజామున మొదటి సైరన్ మోగగానే పొయ్యిలు రాజేవి, వాకిళ్ళలో అలుకు చల్లిన చప్పుడు మొదలయ్యేది, సైకిళ్ళ గంటలు వీధి చివరి దాకా వరుసగా మోగుతూ పోయేవి. పంతులుగారి ఇంట్లో గోడ గడియారం ఉండేది గాని, దానికి తాళం ఎప్పుడూ తిప్పలేదు. ఆయన ఆ సైరన్‌కు ముందే చేదబావి దగ్గర నీళ్ళు పోసుకొని, సైరన్ ఆగే వేళకు దేవునర్రలో గంట కొట్టేవారు. ఒకటి వీధంతా వినపడే మోత, ఇంకొకటి నాలుగు ఇళ్ళకు మాత్రమే వినపడే చిన్న గంట. రెండూ ఒకదాని వెనుక ఒకటి వినపడకపోతే మా అమ్మకు పొద్దు మొదలైనట్టు అనిపించేది కాదు.

ఏకాదశి నాడు సాయంత్రం విష్ణు సహస్రనామ పారాయణం ఉండేది. షిఫ్టు దిగిన కార్మికులు ఇంటికి పోకుండా నేరుగా వచ్చి, బావి దగ్గర కాళ్ళు కడుక్కొని కూర్చునేవారు. మొహాలు ఎంత కడిగినా తలలో, కనుబొమ్మల మీద, చెవుల అంచుల మీద దూది నూగు అట్లాగే ఉండేది. దీపం వెలుగులో చిన్నవాళ్ళు కూడా నెరిసిన వాళ్ళలా కనిపించేవారు. మా నాన్నకు చదువు రాదు. వెయ్యి నామాలూ చెవితోనే పట్టుకున్నాడు. మొదటి శ్లోకంలోని 'వషట్కారో' దగ్గర అందరి నాలుకలూ జారేవి; ఆ ఒక్క 'ష' కోసం పంతులుగారు పది మందినీ పదేసి సార్లు ఆపేవారు. నడుములు నొప్పి పుట్టి ఎవరైనా కదిలితే, "చెప్పినాయన బాణాల మీద పండుకొని చెప్పిండు, మనకు చాప గూడ ఉన్నది" అనేవారు. భీష్ముడు అంపశయ్య మీద నుంచి ధర్మరాజుకు చెప్పిన స్తోత్రమని నాకు తెలిసింది ఆ మాటతోనే.

ఆయనకూ కొన్ని గీతలు ఉండేవి. స్తోత్రమూ నామమూ ఎవరికైనా చెప్పేవారు, గాయత్రిని మాత్రం ఉపనయనమైన పిల్లలకే చెప్పేవారు. ఆ వయసులో అది నాకు గుచ్చుకుంది. ధైర్యం చేసి అడిగితే ఆయన కోప్పడలేదు. "మా గురువు నాకు ఇచ్చింది, ఆయన ఇచ్చిన తీరుగనే నేను ఇయ్యగలుగుత బిడ్డా, మార్చి ఇచ్చేటంత పెద్దోణ్ణి గాను" అన్నారు. ఆ జవాబుతో నేను అప్పుడూ పూర్తిగా సమాధానపడలేదు, ఇప్పుడూ పడను. ఆయన దాన్ని దాచి మాట్లాడలేదన్నది మాత్రం గుర్తుంది.

* * *

నాకు ఉపదేశం విజయదశమి నాడు జరిగింది. ఏడో తరగతిలో ఉన్నాను. నాన్న నన్ను తీసుకుపోయి, "అయ్యగారూ, పిల్లగాడు మీ దగ్గర కూసుంటనంటున్నడు" అన్నాడు. పంతులుగారు నన్ను తూర్పు మొహంగా కూర్చోబెట్టి, పంచపాత్రలోని నీళ్ళను ఉద్ధరిణెతో చేతిలో పోసి ఆచమనం చేయించి, నా కుడి చెవి దగ్గరికి వంగి మంత్రం మూడు సార్లు చెప్పారు. ఆయన ఊపిరిలో తులసి వాసన వచ్చింది. ఆ మంత్రమేమిటో ఇక్కడ రాయను. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు.

ఆ తర్వాత చాలాసేపు మాల పట్టుకోవడం నేర్పారు. తులసి పూసల మాల, నూటెనిమిది పూసలు. మధ్య వేలి మీద మాలను వేలాడదీసి బొటనవేలితో ఒక్కొక్క పూసను తన వైపుకు లాగుకోవాలి. చూపుడు వేలు పూసకు తగలకూడదు. పదిమందిని ఎత్తిచూపే వేలికి నామంతో పని లేదని ఆయన అనేవారు. మేరుపూస దగ్గరికి వచ్చాక దాన్ని దాటకూడదు, మాలను తిప్పి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. చేతివేళ్ళు చిన్నవి కావడంతో నా చూపుడు వేలు మాటిమాటికీ వచ్చి పూస మీద వాలేది. దానికి ఆయన ఒక దారం ముక్క కట్టి, మణికట్టుకు లాగి ముడి వేశారు. మూడు రోజులు ఆ కట్టుతోనే జపం చేశాను. మాల పైకి కనిపించకుండా ఖాకీ గుడ్డతో గోముఖి సంచి కుట్టి ఇచ్చింది మా అమ్మ.

రోజుకు పదకొండు మాలలు, నలభై రోజులు. మాలకు నూటెనిమిది తిప్పినా లెక్కలోకి నూరే వస్తుంది. మనసు జారిన చోట, నోరు తడబడిన చోట పూడ్చడానికి ఆ ఎనిమిది. అంటే రోజుకు పదకొండు వందలు, నలభై రోజులకు నలభై నాలుగు వేలు. పైకి వినపడేటట్టు చేసే జపం కన్నా పెదవులు మాత్రం కదిలేది మేలనీ, పెదవులు కూడా కదలకుండా మనసులో సాగేది అన్నిటికన్నా మేలనీ చెప్పి, "నీకు ఇప్పుడు మొదటిదే మంచిది, నిద్ర వస్తే నాకు తెలుస్తది" అన్నారు. ఒక నలభై పేజీల నోటుబుక్కు ఇచ్చి, మాలకు ఒక గీత చొప్పున రోజూ పదకొండు గీతలు పెట్టమన్నారు. మొదటి పేజీలో 'ఒకటో రోజు' అని ఆయనే రాశారు.

* * *

పద్దెనిమిది రోజులు సరిగ్గానే సాగింది. పంతొమ్మిదో రోజు నరక చతుర్దశి, ఇరవయ్యో రోజు దీపావళి. మా మేనమామ కొడుకులు హన్మకొండ నుంచి వచ్చారు, వాళ్ళ దగ్గర తాటాకు టపాకాయలు ఉన్నాయి. ఆ రెండు రోజులూ, మరునాడు పాడ్యమి నాడూ నేను మాల ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున భయం పట్టుకొని, నోటుబుక్కు తెరిచి, మూడు పేజీలకు సరిపడా ముప్పై మూడు గీతలు ఒక్క బిగిన కూర్చొని గీసేశాను.

ఆ సాయంత్రం పంతులుగారు ఎప్పటిలాగే నోటుబుక్కు చూశారు. పాత పేజీల్లో గీతలు ఒకరోజు లావుగా, ఒకరోజు సన్నగా, కలం కక్కిన మరకలతో, ఒకటి అటు ఒరిగి ఒకటి ఇటు ఒరిగి ఉన్నాయి. ఆ మూడు పేజీల్లో ముప్పై మూడూ ఒకే సిరాతో, బడిపిల్లల వరుసలా నిటారుగా నిలబడ్డాయి. అది నాకు కనిపించింది అప్పుడే. ఆయనకు కనిపించిందో లేదో తెలియదు, పేజీలు తిప్పి, నోటుబుక్కు మూసి, "కార్తీకం వచ్చింది, వత్తులకు మనిషి కావాలె. రేపటి నుంచి రా" అన్నారు.

ఆయన పెరట్లో చెట్టుపత్తి ఒకటి ఉండేది, కేవలం దీపాల కోసం పెంచింది. కాయలు విచ్చిన దూదిని కోసి, గింజలను వేళ్ళతో ఒలిచి, చిక్కు లేకుండా విడదీసి, పొరగా పరిచి, అరచేతికి కొంచెం విభూది రాసుకొని తొడ మీద పెట్టి ఒత్తితే వత్తి వస్తుంది. విభూది లేకపోతే దూది చేతికి అంటుకొని చిరిగిపోతుంది, ఎక్కువైతే జారిపోతుంది. గింజ ముక్క ఒక్కటి మిగిలినా దీపం చిటచిటలాడుతుంది. కార్తీక పౌర్ణమికి ఇంటికొకటి చొప్పున మూడు వందల అరవై అయిదు వత్తుల కట్టలు కావాలి. ఏడాది పొడుగునా దీపం పెట్టలేనివాళ్ళకు రోజుకొకటి లెక్కన. నేను రోజూ కూర్చొని, నూరు వత్తులకు ఒక కట్ట కట్టి పక్కన పెట్టేవాడిని. పొద్దున ఎప్పటిలాగే మాల తిప్పేవాడిని, గీతలు పెట్టేవాడిని. కాని ప్రతి గీత దగ్గరా ఆ ముప్పై మూడు గుర్తుకు వచ్చేవి. ఆయన ఎదురుగా కూర్చొని దూదిలో గింజలు ఒలుస్తూ, వానల గురించో బియ్యం ధర గురించో మాట్లాడేవారు.

పౌర్ణమి రాత్రి మమ్మల్ని అందరినీ హన్మకొండ వేయిస్తంభాల గుడికి తీసుకుపోయారు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి అది; రుద్రుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపం మెట్ల మీద ఆడవాళ్ళు దీపంతలు పెట్టి వత్తుల కట్టలు వెలిగిస్తున్నారు, నల్లరాతి స్తంభాల మీద నెయ్యి పొగ పాకుతోంది. మేము తెచ్చిన కట్టలు కూడా వెలిగాయి, ఒక్కటీ చిటచిటలాడలేదు. పంతులుగారు ఒక స్తంభానికి ఆనుకొని కూర్చున్నారు. నేను పోయి ఆయన పక్కన కూర్చొని, దీపావళి నాటి మూడు రోజుల సంగతి చెప్పేశాను. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాను.

"సరే. రేపు ఒకటి నుంచి మొదలుపెట్టు" అన్నారు. అంతే. కొత్త నోటుబుక్కు ఇవ్వలేదు, పాత దానిలోనే కింద ఒక అడ్డగీత గీయించి, మళ్ళీ 'ఒకటో రోజు' అని రాశారు. ఆ నలభై రోజులు ధనుర్మాసపు చలిలో పూర్తయ్యాయి.

ఈ మధ్య వేలికి ఉంగరంలా తొడుక్కునే లెక్క యంత్రాలు వచ్చాయి. నేనూ ఒకటి కొని రెండు రోజులు వాడి పక్కన పడేశాను. నామం పలికినా పలకకపోయినా నొక్కితే చాలు, అంకె పెరుగుతుంది. నా వంటి వాడి చేతికి అది ఇవ్వదగిన వస్తువు కాదు.

* * *

1991లో గోదావరి పుష్కరాలకు పంతులుగారు మా వాడ వాళ్ళతో ఒక బస్సు మాట్లాడించి కాళేశ్వరం తీసుకుపోయారు. పరకాల, భూపాలపల్లి దాటి అడవిదారిన మహదేవ్‌పూర్ చేరేసరికే తెల్లవారింది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు కాళేశ్వరం. కంటికి కనిపించని సరస్వతి కూడా అక్కడే కలుస్తుందని నమ్మకం. గుడిలో ఒకే పానవట్టం మీద కాళేశ్వరుడూ ముక్తేశ్వరుడూ రెండు లింగాలుగా ఉంటారు. ముక్తేశ్వరుడి లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీళ్ళు లోలోపలి నుంచి సంగమానికి చేరతాయని చెబుతారు. మా అమ్మ ఒక చెంబు పోసి, చాలాసేపు నది వైపు చూస్తూ నిలబడింది.

స్నానాలయ్యాక ఇసుకలో కూర్చొని జపం చేసుకొమ్మన్నారు. జనం, తోపులాట, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. అందరం కళ్ళు మూసుకొని మాలలు తిప్పుతున్నాం. ఇంతలో పక్కన కదలిక వినపడి చూస్తే, పంతులుగారు మాలను గోముఖిలోకి జారవిడిచి, గబగబా మైకు ఉన్న పందిరి వైపు నడుస్తున్నారు. మైకులో చెప్పిన పేరు మా బస్సులోని ఒక నేతకార్మికుడి బిడ్డది. ఆ పిల్ల తల్లి కూడా మా వరుసలోనే కళ్ళు మూసుకొని కూర్చొని ఉంది, వినిపించుకోలేదు. పేరు మాకందరికీ వినపడింది. ఇంకొక పిల్లదేమో అనుకున్నామో, మాల మధ్యలో లేవకూడదని అనుకున్నామో చెప్పలేను. ఆయన పిల్లను చంకనెత్తుకొని వచ్చి తల్లి ఒడిలో వేశారు, ఎవరినీ ఏమీ అనలేదు.

రాత్రి తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ నిద్రపోయారు. మూల సీటులో ఆయన గోముఖి మెల్లగా కదులుతూ ఉంది. "ఎక్కడ ఆపిండ్రో అక్కడి నుంచేనా పంతులుగారూ?" అని అడిగాను. తల అడ్డంగా ఊపి, ఒక వేలు చూపించారు. మొదటి పూస నుంచి అని.

* * *

తర్వాతి ఏళ్ళలో మిల్లులో పని తగ్గుతూ వచ్చి, చివరికి మూతపడింది. నాన్న చేతికి వచ్చిన కొద్దిపాటి డబ్బుతో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కార్మికులు కొందరు సూరత్‌కు, కొందరు భివండికి వెళ్ళిపోయారు. ఏకాదశి పారాయణానికి చాపలు ఖాళీగా మిగిలేవి. సైరన్ ఆగిపోయిన మొదటి వారమంతా వాడలో ఎవరికీ సరిగ్గా మెలకువ రాలేదు, పిల్లలు బడికి ఆలస్యంగా పోయారని మా అమ్మ చెప్పేది. పంతులుగారు మాత్రం సైరన్ లేని ఆ చీకట్లో కూడా అదే వేళకు బొక్కెన వేసేవారు, అదే వేళకు గంట కొట్టేవారు. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు "అయ్యగారి గంట కొట్టింది, నల్లా నీళ్ళు వస్తయి, లెవ్వండి" అనడం మొదలుపెట్టారు.

నాకు రామగుండంలో ఉద్యోగం వచ్చింది. సెలవులకు వచ్చినప్పుడు వెళ్ళి కూర్చునేవాడిని. చూపు తగ్గినా ఆయన మాల లెక్క తప్పలేదు. నా లెక్క మాత్రం రాత్రి షిఫ్టుల్లో ఒక్కోసారి పదకొండు, ఒక్కోసారి మూడు, ఒక్కోసారి సున్న. ఆ సంగతి దాచకుండా చెప్పేవాడిని. ఆయన ప్రతిసారీ తల ఊపి, బిడ్డల చదువుల గురించి అడిగేవారు.

ఒక మాఘమాసంలో ఆయన పోయారని కబురు వచ్చింది. నేను చేరేసరికి పదో రోజు. ఆయన తులసి మాలను ఆయనతోనే పంపించారట. పెరట్లో పత్తిచెట్టు కాయలు విచ్చి, కోసేవాళ్ళు లేక దూది గాలికి తీగలుగా వేలాడుతోంది. బావి గట్టు మీద బొక్కెన బోర్లించి ఉంది. ఆ ఇల్లు తర్వాత అమ్ముడుపోయింది, ఇప్పుడక్కడ మూడంతస్తుల బంగళా ఉంది. వేయిస్తంభాల గుడిలో మేము కూర్చున్న కల్యాణ మండపాన్ని కూడా 2006లో రాయి రాయిగా విప్పారు. 2024 శివరాత్రికి గాని అది మళ్ళీ లేచి నిలబడలేదు. నేను తిరిగి వెళ్ళి చూశాను గాని, ఆయన ఆనుకున్న స్తంభం ఏదో గుర్తుపట్టలేకపోయాను.

* * *

మొన్న భద్రకాళి గుడిలో తీర్థం ఇస్తూ అర్చకులు, దండలోంచి జారిన ఒక బీరకాయను నా చేతిలో పెట్టారు. కొంచెం వాడింది, దారం గుచ్చిన చోట తడి ఆరి నల్లబడింది. దాన్ని కండువాలో చుట్టుకొని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఇంట్లో ఉన్న వంకాయ, సొరకాయ, రెండు బెండకాయలు తీసి ఇస్తే, దాన్నీ వాటితో కలిపి తరిగి, చింతపండు పిసికి, నేనే పొయ్యి మీద పెట్టాను. పులుసు తెర్లుతుండగా అలవాటు కొద్దీ గరిటెతో అరచేతిలో రెండు చుక్కలు వేసుకొని నోటి దాకా తెచ్చి, ఆగి, చెయ్యి కడుక్కున్నాను. "ఉప్పు చూసిండ్రా?" అని మా ఆవిడ అడిగింది. చూడలేదన్నాను. దేవుని దగ్గర గిన్నె పెట్టి, నీళ్ళు చుట్టూ తిప్పి వదిలి, కళ్ళు మూసుకున్నాను.

విస్తట్లో వడ్డించాక తెలిసింది, ఉప్పు తక్కువే పడింది.